సోలార్ కరెంటు మీరు వాడిన పూటే పుట్టిందా? పావుగంట లెక్క వేసుకునే పద్ధతి

1 మెగావాటు లోడుతో పగలూ రాత్రీ ఆగకుండా నడిచే ఫ్యాక్టరీ ఏడాదికి 87.6 లక్షల యూనిట్లు తింటుంది. 20 శాతం సీయూఎఫ్ (ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేదాంట్లో నిజంగా వచ్చే వాటా) ఉన్న 5 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఏడాదికి ఇచ్చేదీ 87.6 లక్షల యూనిట్లే. రెండంకెలూ పక్కపక్కన పెట్టి "మాది నూరు శాతం గ్రీన్ కరెంటు" అని గేటు దగ్గర బోర్డు కట్టేయొచ్చు. గ్రీన్ కరెంటు పుట్టిందని రుజువు చూపే సర్టిఫికెట్లు కూడా అందుకు సరిపడా ఉంటాయి. ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు.

ఇప్పుడు అదే ప్లాంటును ఒక్క రోజుకి గంటలవారీగా చూద్దాం. మామూలు ఎండ ఉన్న రోజు అది 24,000 యూనిట్లు ఇస్తుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా ప్రతి గంటా లోడు కంటే ఎక్కువే పుడుతుంది. మధ్యాహ్నం గంటకు 3,500 యూనిట్లు వచ్చినా ఫ్యాక్టరీ వాడేది వెయ్యే. కాబట్టి ఆ 8 గంటల్లో కలిసేది 8,000. ఉదయం 6 నుంచి 7 దాకా 200, 7 నుంచి 8 దాకా 900, సాయంత్రం 4 నుంచి 5 దాకా 800, ఆ తర్వాతి గంటలో 200. ఇవి మొత్తం 2,100. అంతా కలిపితే 10,100 యూనిట్లు. ఫ్యాక్టరీ వాడకం 24,000. అంటే 42 శాతం. మిగతా 13,900 యూనిట్ల సోలార్ వేరేవాళ్ల మోటార్లు తిప్పింది. రాత్రి మీ మోటార్లను తిప్పింది ఎక్కువగా బొగ్గే.

ఈ 42 ఎక్కడి నుంచి వస్తుందో మీ సొంత మీటరు డేటాతో తేల్చుకోవడం, దానికి తగ్గట్టు సర్టిఫికెట్లు రాసుకోవడం, ఖాళీ గంటలు నింపుకోవడం ఈ వ్యాసం సంగతి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఓపెన్ యాక్సెస్ మీద (గ్రిడ్ లైన్ల మీదుగా బయటి ప్లాంటు నుంచి నేరుగా కొనడం) గానీ, సొంత వాడకానికే కట్టుకున్న క్యాప్టివ్ ప్లాంటు నుంచి గానీ కరెంటు తెచ్చుకుంటున్న హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులను దృష్టిలో పెట్టుకుని రాశాం. 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ రూల్స్ అర్హతను 1 మెగావాటు నుంచి 100 కిలోవాట్లకు దించాయి కాబట్టి, ఇది పెద్ద కంపెనీల గొడవ మాత్రమే అనుకోనక్కర్లేదు.

సర్టిఫికెట్‌లో గంట ఎందుకు కనపడదు

మన ఆర్ఈసీ (రెన్యువబుల్ ఎనర్జీ సర్టిఫికెట్) అంటే 1 మెగావాట్ అవర్, అంటే వెయ్యి యూనిట్లకు ఒక కాగితం. 2011లో కరెంటు ఎక్స్ఛేంజీల్లో వీటి అమ్మకం మొదలైంది. ఏ ప్లాంటు, ఏ నెల అన్నది రికార్డులో ఉంటుంది. ఏ గంటకు పుట్టిందన్నది ఉండదు. విదేశీ కొనుగోలుదారులు అడిగే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఐ-ఆర్ఈసీలో కూడా ఉత్పత్తి కాలం తేదీల్లోనే ఉంటుంది. పైగా 2022 నాటి సీఈఆర్సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) నిబంధనలు ఆర్ఈసీ గడువును ఎత్తేశాయి, అమ్ముడుపోయేదాకా అది చెల్లుతూనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం పుట్టిన కాగితాన్ని డిసెంబరు రాత్రికి చూపించుకున్నా అడ్డు చెప్పే నిబంధన లేదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. అవే నిబంధనలు కొత్త ప్లాంట్లకు గుణకాలు పెట్టాయి. సోలార్‌కు, నేల మీది గాలిమరలకు 1, జలవిద్యుత్‌కు 1.5, పట్టణ చెత్తతో చేసే కరెంటుకు 2, బయోమాస్‌కు 2.5. అంటే వెయ్యి యూనిట్ల బయోమాస్ కరెంటుకు రెండున్నర సర్టిఫికెట్లు. ఇంత గ్రీన్ కరెంటు తప్పక కొనాలన్న కొనుగోలు బాధ్యత తీర్చుకోడానికి అది సరే. మీ వాడకానికి ఎదురుగా పెట్టుకోడానికి మాత్రం కాగితాల సంఖ్యను యూనిట్లుగా తీసుకోకండి. ప్లాంటు ఏ రకమో చూసి గుణకంతో భాగించండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, అడిగేవాళ్లు మారుతున్నారు. కంపెనీల కర్బన లెక్కలకు ఆధారమైన జీహెచ్‌జీ ప్రోటోకాల్ స్కోప్ 2 (కొన్న కరెంటు వల్ల వచ్చే కర్బనం) మార్గదర్శకాలు 2015లో వచ్చాయి, అవి ఏడాది లెక్కను ఒప్పుకుంటాయి. దాన్ని గంటల లెక్కగా మార్చాలన్న ప్రతిపాదనను 2025 అక్టోబరులో అభిప్రాయాల కోసం బయటపెట్టారు. గ్రీన్ కరెంటుతో చేసే హైడ్రోజన్ విషయంలో ఐరోపా ఇంకా ముందుంది. 2023 నాటి వాళ్ల నిబంధన ప్రకారం 2029 చివరిదాకా నెల లెక్క చాలు, 2030 జనవరి 1 నుంచి గంట లెక్క కావాలి. ఆ నిబంధన ఐరోపా బయట తయారై అక్కడికి వెళ్లే సరుకుకూ వర్తిస్తుంది. కాకినాడ నుంచో పూడిమడక నుంచో గ్రీన్ అమ్మోనియా ఓడ ఎక్కించాలనుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. మన దేశపు గ్రీన్ హైడ్రోజన్ ప్రమాణం కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ పరిమితిని 12 నెలల సగటు మీద చూస్తుంది. ఒకే ప్లాంటుకు రెండు లెక్కలు నడపాల్సిందే.

గంట ముద్ర ఉన్న సర్టిఫికెట్లకు ఎనర్జీట్యాగ్ అనే సంస్థ 2022లో ఒక ప్రమాణం ఇచ్చింది. అందులో ఒక్కో సర్టిఫికెట్ కాలం గంటకు మించకూడదు. మన ఆర్ఈసీలో ఆ సౌకర్యం లేకపోయినా, మన దగ్గర దానికి కావలసిన ముడిసరుకు మాత్రం గట్టిగానే ఉంది. రోజును పావుగంటకొకటి చొప్పున 96 బ్లాకులుగా చేసి గ్రిడ్ లెక్కలు చూడటం ఇక్కడ ఎప్పటి నుంచో అలవాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నాటి సెటిల్‌మెంట్ కోడ్ నుంచీ ఓపెన్ యాక్సెస్ సర్దుబాటు 15 నిమిషాల బ్లాకుల్లోనే జరుగుతోంది. డేటా లేక కాదు, దాన్ని సర్టిఫికెట్‌తో ముడివేయకే ఈ తంటా.

మీ వైపు మీటరు

ఎమ్మారై డంప్, అంటే మీటరులో దాచి ఉన్న డేటా తీయించుకోండి. బిల్లులో ఉండే మొత్తం కాదు, పావుగంటకో అంకె ఉండే లోడ్ సర్వే ఫైలు కావాలి. మీటరు పాత డేటా మీదే కొత్తది రాసుకుంటుంది కాబట్టి నెలనెలా తీయించి దాచుకోకపోతే ఆ నెల ఇక దొరకదు. ఫైలు చేతికి రాగానే ఈ క్రమంలో చూడండి.

వరుసల సంఖ్య. 30 రోజుల నెలకు 2,880, 31 రోజుల నెలకు 2,976 వరుసలు ఉండాలి. తగ్గితే కరెంటు పోయిన బ్లాకులను మీటరు సున్నా వేయకుండా వదిలేసిందని అర్థం. ఆ ఖాళీలు అలాగే ఉంచి పక్క కాలమ్‌లో సోలార్ డేటా అతికిస్తే, అక్కడి నుంచి నెలాఖరు దాకా రెండూ ఒకదానికొకటి జరిగిపోతాయి. మొత్తాలు బాగానే కనిపిస్తాయి, శాతం మాత్రం తప్పుతుంది. అందుకే వరుసను బట్టి కాకుండా తేదీ, సమయాన్ని బట్టి జోడించండి.

యూనిట్లా, డిమాండా? కొన్ని డంపుల్లో బ్లాకుకు యూనిట్లు ఉండవు, సగటు కిలోవాట్లు ఉంటాయి. అలాంటప్పుడు 4తో భాగిస్తేనే 15 నిమిషాల యూనిట్లు వస్తాయి. నెల మొత్తం బిల్లుకు సరిగ్గా నాలుగింతలు వచ్చిందంటే తప్పు ఇక్కడే.

కేవీఏహెచ్ వద్దు. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ (పని చేయని రియాక్టివ్ భాగం కూడా కలిసిన లెక్క) మీద వస్తుంది. సోలార్ ప్లాంటు లెక్క మామూలు యూనిట్లలో, అంటే కేడబ్ల్యూహెచ్‌లో ఉంటుంది. డంపులో రెండూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ కాలమే తీసుకోండి. పవర్ ఫ్యాక్టర్ (కేడబ్ల్యూహెచ్ అంకెను కేవీఏహెచ్ అంకెతో భాగిస్తే వచ్చేది) 0.95 ఉన్న చోట ఈ పొరపాటు ఒక్కటే 5 శాతం తేడా తెస్తుంది.

ఎంఎఫ్, అంటే మీటరు అంకెను గుణించాల్సిన సంఖ్య. మీటరు 100/5 సీటీకి (పెద్ద కరెంటును మీటరుకు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) తయారై, ప్యానెల్‌లో 200/5 సీటీ ఉంటే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ 2. డంపు సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు దాన్ని వేసే ఇస్తుంది, కొన్నిసార్లు వేయదు. సరిచూసుకునే దారి ఒకటే. నెల మొదటి రీడింగుకు, చివరి రీడింగుకు మధ్య తేడాను ఎంఎఫ్‌తో గుణించి, బ్లాకుల మొత్తంతో పోల్చండి. అర శాతం లోపు కలవాలి. రీడింగు తీసే తేదీ నెలాఖరు కాకపోతే పోలికకూ ఆ తేదీలే పెట్టుకోవాలి.

పైకప్పు సోలార్, డీజిల్ జనరేటర్ ఉంటే మెయిన్ మీటరు చూపేది అసలు లోడు కాదు. అసలు లోడు అంటే గ్రిడ్ నుంచి తీసుకున్నది, పైకప్పుది, జనరేటర్‌ది కలిపి, బయటికి పంపింది తీసేయాలి. పైకప్పు ఇన్వర్టర్ పోర్టల్ నుంచి డేటా దించుకునేటప్పుడు టైం జోన్ చూడండి. కొన్ని పోర్టళ్లు గ్రీనిచ్ సమయంలో ఇస్తాయి. తేడా ఐదున్నర గంటలు, అంటే 22 బ్లాకులు. అర్ధరాత్రి పన్నెండున్నరకే సూర్యుడు ఉదయించినట్టు కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది. దొరకని తప్పు వేరే ఉంది, దాని సంగతి కాసేపట్లో.

ప్లాంటు వైపు

అమ్మేవాళ్లు మెయిల్‌లో పంపే ఇన్వర్టర్ రిపోర్టు పనికిరాదు. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు, లైనుకు ముందున్న లెక్క. సబ్‌స్టేషన్ దగ్గర డెలివరీ పాయింటులో ఉన్న ఏబీటీ మీటరు (బ్లాకులవారీగా లెక్కించే మీటరు) బ్లాక్ డేటా అడగండి. ప్రతి నెలా జేఎంఆర్ (ఇరుపక్షాలూ కలిసి తీసే రీడింగు) జరిగేది ఆ మీటరు మీదే, ఎస్ఎల్‌డీసీ (రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే కేంద్రం) లెక్క కట్టేదీ దాని మీదే. రాత్రిళ్లు సోలార్ ప్లాంటు తన లైట్లకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు గ్రిడ్ నుంచే కాస్త తీసుకుంటుంది. ఆ బ్లాకుల్లో అంకె రుణాత్మకంగా వస్తే మీ షీటులో సున్నా వేయండి.

ఒకే ప్లాంటు నుంచి నలుగురైదుగురు తీసుకుంటుంటే మీ వాటా ఎంతో ఒప్పందంలో శాతంగా ఉంటుంది. ఆ శాతాన్ని ప్రతి బ్లాకుకూ వేయాలి. నెల మొత్తానికి వేసి తర్వాత బ్లాకులకు పంచితే కుదరదు. ఒకరి ఫ్యాక్టరీ ఆదివారం మూతపడి వాళ్ల వాటా ఇంకొకరికి మళ్లించి ఉంటే, ఆ మళ్లింపు కూడా బ్లాక్ స్థాయిలోనే కనపడాలి.

నష్టాలు మర్చిపోకండి. ప్లాంటులో పుట్టిన వెయ్యి యూనిట్లు మీ దాకా వెయ్యిగా రావు. ట్రాన్స్‌మిషన్ నష్టం, వీలింగ్ (పంపిణీ లైన్ల) నష్టం ఎంతో ఆ ఏడాది టారిఫ్ ఉత్తర్వులో ఉంటుంది, మీ వోల్టేజీకి ఏది వర్తిస్తుందో చూసుకోండి. ఉదాహరణకు 2.5 శాతం, 3.5 శాతం అనుకుంటే 0.975ను 0.965తో గుణించాలి, 0.941 వస్తుంది. అంటే మీకు చేరినవి 941. రెండు శాతాలనూ కలిపేసి 6 తీసేయడం కన్నా ఇదే సరైన పద్ధతి. నష్టం వేసిన తర్వాతి అంకెనే లోడుతో పోల్చాలి. పైన చెప్పిన 42 శాతం లెక్కలో సులువు కోసం నష్టాలు వదిలేశాం.

దొరకని తప్పు: ఒక్క బ్లాకు జరగడం

ఫైలులో 10:15 అని ఉంటే అది 10:15కి మొదలైన బ్లాకా, 10:15కి ముగిసిన బ్లాకా? మీటరు కంపెనీని బట్టి మారుతుంది. మీ మీటరు ఒక పద్ధతి, ప్లాంటు మీటరు ఇంకో పద్ధతి పాటిస్తే రెండూ పావుగంట జరిగి ఉంటాయి. మొత్తాల్లో ఎక్కడా పట్టుబడదు. మీటరు గడియారం వెనకబడినా ఇదే జరుగుతుంది.

సోలార్ ప్లాంటు అయితే సూర్యుడినే గడియారంగా వాడుకోవచ్చు. మన దేశ ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచి పోతుంది. అక్కడి నుంచి పడమరగా ఒక్కో డిగ్రీకీ 4 నిమిషాలు ఆలస్యంగా సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అనంతపురం 77.6 డిగ్రీల దగ్గరుంది, అంటే సుమారు 20 నిమిషాల ఆలస్యం. ఏప్రిల్ నడుమ సూర్యగడియారానికీ మన గడియారానికీ తేడా దాదాపు సున్నా కాబట్టి ఆ రోజుల్లో అనంతపురంలో అసలు మధ్యాహ్నం 12:20. అదే ఫిబ్రవరి నడుమ అయితే ఇంకో 14 నిమిషాలు ఆలస్యం, నవంబరు మొదట్లో అయితే 16 నిమిషాలు ముందు.

మబ్బు లేని ఐదు రోజులు ఎంచుకోండి. రోజులో గరిష్ఠ ఉత్పత్తిలో నాలుగో వంతును ఉదయం దాటిన సమయం, సాయంత్రం దాటిన సమయం రాసుకుని రెండింటి నడిమి సమయం తీయండి. ఐదు రోజుల సగటు అనంతపురం ప్లాంటుకు ఏప్రిల్‌లో 12:12 చుట్టూ వస్తే ఫైలులో ఉన్నది బ్లాకు మొదలైన సమయం. 12:27 చుట్టూ వస్తే ముగిసిన సమయం. ఆ రెండూ కాక 12:45 అని వస్తే గడియారమే తేడాగా ఉంది, ప్లాంటువాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ప్యానెళ్లు తూర్పుకో పడమరకో వాలి ఉన్న ప్లాంటుకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు.

మీ లోడు మీటరుకు సూర్యుడు సాయం చేయడు. సబ్‌స్టేషన్‌లో రికార్డయిన ఫీడర్ ట్రిప్ (మీ లైను ఆగిపోయిన) సమయాన్ని మీ ఫైలులో లోడు సున్నా అయిన బ్లాకుతో పోల్చి చూసుకోవాలి.

లెక్క

రెండు కాలమ్‌లూ సిద్ధమయ్యాక అసలు పని చిన్నదే. ప్రతి బ్లాకులో లోడు, చేరిన గ్రీన్ యూనిట్లు, ఈ రెంటిలో ఏది తక్కువో అది కలిసినట్టు. ఎక్సెల్‌లో మిన్ ఫార్ములా. ఏడాదికి 35,040 వరుసలు, మామూలు ల్యాప్‌టాప్ మోస్తుంది. కలిసిన మొత్తాన్ని లోడు మొత్తంతో భాగిస్తే మీ సమయపు శాతం.

గంటకు చూడాలా, పావుగంటకు చూడాలా అన్న ప్రశ్న వస్తుంది. మబ్బులు పడే ఒక్క గంట తీసుకుని చూడండి, లోడు స్థిరంగా 1 మెగావాటు.

| బ్లాకు | లోడు | సోలార్ | కలిసినవి |
|---|---|---|---|
| 10:00 | 250 | 400 | 250 |
| 10:15 | 250 | 350 | 250 |
| 10:30 | 250 | 100 | 100 |
| 10:45 | 250 | 150 | 150 |
| గంట మొత్తం | 1,000 | 1,000 | 750 |

గంట లెక్కలో నూరు, పావుగంట లెక్కలో 75. ఐరోపా కొనుగోలుదారు గంట అడిగితే గంటే ఇవ్వండి, తప్పు లేదు. కానీ మీ దగ్గర అసలు షీటు బ్లాకుల్లోనే ఉండాలి. బ్లాకుల నుంచి గంటకు ఎప్పుడైనా వెళ్లొచ్చు, వెనక్కి రావడం కుదరదు.

బ్యాంకింగ్ దగ్గర చాలా షీట్లు చెడిపోతాయి. మధ్యాహ్నం మిగిలిన యూనిట్లను డిస్కం దగ్గర దాచుకుని రాత్రి వాడుకున్నట్టు బిల్లులో సర్దుబాటు అవుతుంది. 2022 రూల్స్ కనీసం నెలవారీ బ్యాంకింగ్ ఇవ్వాలన్నాయి, పరిమితులు, ఛార్జీలు, వాడుకోకూడని వేళలు ఈఆర్సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) ఉత్తర్వును బట్టి ఉంటాయి. అది డబ్బు లెక్క. డిస్కం ఆ యూనిట్లను ఏ డబ్బాలోనూ దాచలేదు. మధ్యాహ్నమే వేరేవాళ్లకు ఇచ్చేసింది, రాత్రి మీకు ఇచ్చింది గ్రిడ్ కరెంటు. కాబట్టి షీటులో రెండు వేర్వేరు కాలమ్‌లు పెట్టండి: "బిల్లులో సర్దినవి", "ఆ బ్లాకులోనే కలిసినవి". మొదటిది అకౌంట్స్ వాళ్లకు, రెండోది సర్టిఫికెట్లకు. ఈ రెండూ కలిపేసిన రిపోర్టును ఆడిటరు పక్కన పడేస్తే ఆయన తప్పేం లేదు.

డేటా లేని బ్లాకులకు సగటు వేసి పూడ్చకండి. సోలార్ వైపు లేకపోతే సున్నా, లోడు వైపు లేకపోతే నిన్నటి, రేపటి అదే బ్లాకుల్లో ఏది ఎక్కువైతే అది. అనుమానం ఎప్పుడూ మనకు వ్యతిరేకంగానే పోవాలి. ఎస్ఎల్‌డీసీ ఉత్పత్తి తగ్గించమన్న బ్లాకుల్లో "రావాల్సింది ఇంత" అని ప్లాంటువాళ్లు చూపిస్తారు, దాన్నీ తీసుకోవద్దు.

సర్టిఫికెట్ల రిజిస్టరు

ప్రతి బ్లాకులో ప్లాంటు ఇచ్చిన ప్రతి యూనిట్‌కూ ఒకే ఒక్క చిరునామా ఉండాలి. మీకు కలిసింది, ఇంకో వినియోగదారుకు కలిసింది, బ్యాటరీలోకి వెళ్లింది, మిగిలింది. నాలుగూ కలిపితే ఆ బ్లాకు ఉత్పత్తి రావాలి. రాకపోతే ఎక్కడో ఒక యూనిట్ రెండుసార్లు అమ్ముడైంది.

సర్టిఫికెట్ వెయ్యి యూనిట్లకు ఒకటి, బ్లాకులో మీకు కలిసేది 250. కాబట్టి సర్టిఫికెట్ నంబరుకు ఎదురుగా దాన్ని నింపిన బ్లాకుల జాబితా రాసుకోవాలి. నెలలో కలిసిన యూనిట్లను సమయ క్రమంలో పేర్చి, వెయ్యి నిండగానే ఒక నంబరు, మళ్లీ మొదలు. నెలాఖరుకు 640 మిగిలితే అది వచ్చే నెల మొదటి సర్టిఫికెట్‌లోకి పోతుంది, బ్లాకు తేదీ మాత్రం పాతదే ఉంటుంది. ఇది సర్టిఫికెట్లు జారీచేసే రిజిస్ట్రీ ఇచ్చే గంట ముద్ర కాదు, మీరే కట్టుకున్న లంకె. రిపోర్టులో ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి.

మీరు ఆ యూనిట్లను మీ రెన్యువబుల్ కొనుగోలు బాధ్యత కింద చూపించి ఉంటే, వాటి మీద ప్లాంటువాళ్లు విడిగా ఆర్ఈసీ గానీ ఐ-ఆర్ఈసీ గానీ తీసుకోకూడదు. ఇది నోటిమాటగా వదిలేయొద్దు. డిస్కం గ్రీన్ టారిఫ్ మీద కొంటే వాళ్లిచ్చే గ్రీన్ సర్టిఫికెట్ ఏడాదికి ఒకటి, అందులో గంట ఉండదు. దాన్ని సమయపు శాతంలో కలపకండి, విడిగా ఒక లైనులో చూపించండి.

బ్యాటరీ, పంప్డ్ స్టోరేజీ

స్టోరేజీ వచ్చాక నియమం మూడు మాటల్లో: లోపలికి వెళ్లినవి చెరిపేయాలి, బయటికి వచ్చినవి కొత్తగా రాయాలి, మధ్యలో పోయినవి పోయినట్టే. మన ఫ్యాక్టరీ 4,000 యూనిట్లు బయటికి ఇవ్వగల బ్యాటరీ పెట్టిందనుకోండి. రానుపోను సామర్థ్యం 85 శాతం అయితే మధ్యాహ్నం 4,706 యూనిట్లు నింపాలి. సాయంత్రం 5 నుంచి 6 దాకా లోటు 800, ఆ తర్వాత మూడు గంటలు వెయ్యేసి, 9 తర్వాత ఇంకో 200. కలిసినవి 10,100 నుంచి 14,100కు, అంటే 42 నుంచి 59 శాతానికి చేరతాయి. మధ్యాహ్నపు మిగులు ఇంకా 9,200 దాకా ఉంటుంది.

అదే బ్యాటరీని ఎవరైనా గ్రిడ్ నుంచి కూడా నింపితే? 4,706 సోలార్, 1,294 గ్రిడ్, మొత్తం 6,000 లోపలికి వెళ్లి 5,100 బయటికి వచ్చాయనుకుందాం. నింపినదాంట్లో సోలార్ 78.4 శాతం, కాబట్టి బయటికి వచ్చినదాంట్లో గ్రీన్ 4,000 మాత్రమే. "ముందు సోలార్‌నే బయటికి తీశాం, నష్టమంతా గ్రిడ్ కరెంటుదే" అనే లెక్క చెల్లదు.

నంద్యాల జిల్లా పిన్నాపురం 1,680 మెగావాట్ల ప్రాజెక్టు లాంటి పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి ఎక్కించి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసేది) నుంచి రాత్రి కరెంటు కొనేవాళ్లకూ ఇదే సూత్రం. నీళ్లు పైకి ఎక్కించిన బ్లాకుల్లో కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు అడగండి. టర్బైన్ తిరిగిన బ్లాకుల డేటా ఒక్కటే ఇస్తే అది సగం కథ.

ఖాళీలు నింపడం

ముందు 12 నెలలు అడ్డంగా, 24 గంటలు నిలువుగా 288 గళ్ల పట్టిక వేయండి. ఒక్కో గడిలో ఆ నెల ఆ గంటకు సగటు లోటు. ఎక్సెల్‌లో పైవట్ వేసి రంగులు పెడితే పది నిమిషాల పని. ఇక ఏం కొనాలో ఆ పట్టికే చెప్తుంది. ఇది చూడకుండా "ఇంకో 2 మెగావాట్ల సోలార్ కలుపుదాం" అంటే మధ్యాహ్నపు మిగులే పెరుగుతుంది. మన 42 శాతం ఫ్యాక్టరీకి ఎంత సోలార్ కలిపినా రాత్రి గడులు కదలవు.

అన్నిటికంటే చవకైనది లోడునే జరపడం. చిల్లర్లు, నీటి పంపులు, ఫోర్క్‌లిఫ్ట్ ఛార్జింగ్, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో అయితే ఐస్ తయారీ. రాత్రి 6 గంటలు నడిచే 200 కిలోవాట్ల లోడును ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా మార్చితే రోజుకు 1,200 యూనిట్లు కలిసి, 42 శాతం 47 అవుతుంది. ఇక్కడో ఉచ్చు ఉంది. పగటి లోడు 1,200 కిలోవాట్లకు పెరిగింది, 0.98 పవర్ ఫ్యాక్టర్‌తో 1,224 కేవీఏ. మీ సీఎండీ (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండు) 1,200 కేవీఏ అయితే దాటిన ప్రతి నెలా పెనాల్టీ. మీటరుకు డిమాండే తెలుసు, కరెంటు సోలారా కాదా తెలియదు. జరిపే ముందు సీఎండీ చూసుకోండి, టీఓడీ (రేటు మారే) వేళలు కూడా.

తర్వాత గాలి. అనంతపురం, కర్నూలు వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా ఉంటుంది, రాత్రిళ్లు కూడా వస్తుంది. సోలార్ మబ్బుల్లో తగ్గే నెలలే అవి, కాబట్టి రెండూ బాగా కుదురుతాయి. శీతాకాలపు సాయంత్రాలకు మాత్రం రెండూ అందిరావు, ఆ గడులు స్టోరేజీకో ఎక్స్ఛేంజీకో వదలాలి. ఎక్స్ఛేంజీలో 2021 అక్టోబరు నుంచి గ్రీన్ డే-అహెడ్ మార్కెట్ (రేపటి గ్రీన్ కరెంటును ఈరోజే కొనేది) ఉంది, అక్కడ బిడ్డు బ్లాకులవారీగానే వేస్తారు కాబట్టి లోటున్న బ్లాకులకే కొనొచ్చు. ఓపెన్ యాక్సెస్ పరిమాణాన్ని ఇన్ని బ్లాకుల దాకా మార్చకూడదని ఈఆర్సీ షరతు పెట్టొచ్చు. 2022 రూల్స్ ప్రకారం అది 12 బ్లాకులు, అంటే 3 గంటలకు మించకూడదు. సాయంత్రం 6 నుంచి 9 దాకా ఒకే అంకె వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

దూరం సంగతి ఒకటి. దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబరు 31న మిగతా దేశంతో కలిసింది, రాజస్థాన్ సోలార్‌ను హైదరాబాద్‌లో వాడుకున్నట్టు రాసుకోవడంలో తప్పు లేదు. కానీ లైన్లు నిండిన వేళ ఎక్స్ఛేంజీలో ప్రాంతాలు విడిపోయి ధరలు వేరవుతాయి. ఆ బ్లాకుల్లో అక్కడి కరెంటు ఇక్కడికి చేరిందనడం కష్టం. అందుకే షీటులో ప్లాంటు ఏ బిడ్ ఏరియాలో (ఎక్స్ఛేంజీలో ఒకే ధర ఉండే ప్రాంతం) ఉందో ఒక కాలమ్ ఇప్పుడే పెట్టుకోండి, ఐరోపా నిబంధనలు కూడా దీన్నే అడుగుతాయి.

పీపీఏలో రాయించుకోవాల్సినవి

పాత పీపీఏల్లో (కరెంటు కొనుగోలు ఒప్పందాల్లో) నెలకు ఇన్ని యూనిట్లు అని తప్ప బ్లాకుల ఊసు ఉండదు, తర్వాత అడిగితే ప్లాంటువాళ్లు ఇవ్వాల్సిన పని లేదు. సంతకానికి ముందే ఇవి రాయించండి. ఏబీటీ మీటరు బ్లాక్ డేటా ప్రతి నెలా ఫలానా తేదీలోపు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా ఇవ్వాలి, స్కాన్ చేసిన పీడీఎఫ్ కాదు. సమయం బ్లాకు మొదలా చివరా అన్నది అందులోనే ఉండాలి. మీరు వాడుకున్న యూనిట్ల గ్రీన్ హక్కులన్నీ మీవే, అమ్మేవాళ్లు వాటిని ఏ రిజిస్ట్రీలోనూ నమోదు చేయకూడదు. మీకు కలవకుండా మిగిలినవాటి సర్టిఫికెట్లు వాళ్లు అమ్ముకోవచ్చు, కానీ ఏ బ్లాకులవో మీకు జాబితా ఇవ్వాలి. ధర విషయంలో ఇంకాస్త ధైర్యం ఉంటే నెల మొత్తానికి కాకుండా మీ లోటు గడుల్లో ఇచ్చిన యూనిట్లకు కాస్త ఎక్కువ రేటు పెట్టండి. అమ్మేవాడు బ్యాటరీ గురించి ఆలోచించడం మొదలుపెట్టేది అప్పుడే.

నెల లెక్క ముగించే క్రమం ఇలా పెట్టుకోండి: మీ డంపు, ప్లాంటు బ్లాక్ ఫైలు, డిస్కం సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ మూడూ వచ్చాకే షీటు నడపాలి. ఎస్ఎల్‌డీసీ లెక్కలు ఒక్కోసారి నెలలు గడిచాక సవరించి వస్తాయి. అందుకే కలిసిన యూనిట్లన్నిటికీ అప్పటికప్పుడే సర్టిఫికెట్లను వాడేసినట్టు రిజిస్ట్రీలో రద్దు చేయించకుండా 2 శాతం చేతిలో ఉంచుకోండి. సవరణ వచ్చినప్పుడు పాత షీటు మీద దిద్దకండి. కొత్త తేదీతో ఇంకో కాపీ నడిపి, మారిన బ్లాకులను మాత్రం పసుపు రంగులో ఉంచి, రెండు ఫైళ్లూ ముడి డంపులతో సహా భద్రపరచండి.